నాలుగో పిన్ను

అండాలమ్మ కొంగుకు ఆ రోజు మూడు ముళ్ళున్నాయి.

ఒకటి గ్యాసు బండకు ఫోను చేయించాలని. ఇంకొకటి బియ్యానికి పురుగు పట్టింది, ఎండలో పోయాలని. ఈ మధ్య ఆమెకు ఏదీ మనసులో నిలవడం లేదు. కూరలో ఉప్పు వేసిందో లేదో గుర్తుండదు. పక్కింటామె పేరు నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోతుంది. నకిరేకల్ దగ్గర పల్లెలో చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ చేసినట్టే, గుర్తుండాల్సిన ప్రతి పనికీ కొంగుకు ఒక ముడి వేసుకుంటుంది. పని అయ్యాక విప్పేస్తుంది.

మూడో ముడి అలాంటిది కాదు. అది దాదాపు రెండేళ్ళుగా ఉంది. చీర మార్చినప్పుడల్లా లోపలిది తీసి కొత్త కొంగుకు కట్టుకుంటుంది.

"గా ముడిల ఏముందే అమ్మా, బంగారమా?" అని కూతురు విజయశ్రీ ఒకసారి అడిగింది.

"ఇనుము" అన్నది అండాలమ్మ. ఉన్న మాటే చెప్పింది. విజయశ్రీ అది ఎకసెక్కమనుకుని నవ్వి ఊరుకుంది.

ఎల్బీనగర్ చౌరస్తాకు కొంచెం ఇవతల, సాగర్ రోడ్డు మీది నుంచి లోపలికి తిరిగే సందులో వాళ్ళ ఇల్లు. ఇంటి ముందు రేకుల షెడ్డు. షెడ్డు మధ్యలో మనిషి లోతు గుంత. బండిని దాని మీద నిలబెడితే కింద నిలబడి పని చేసుకోవచ్చు. అండాలమ్మ భర్త గోపయ్య ఆ గుంతను తన చేతులతో తవ్వుకుని ముప్పై ఏళ్ళు అందులోనే నిలబడ్డాడు. ఇప్పుడు అల్లుడు శ్రీనివాస్ నిలబడుతున్నాడు. పద్నాలుగేళ్ళ వయసులో పానాలు అందించడానికి వచ్చినవాడు, పనీ నేర్చుకున్నాడు, పిల్లనూ చేసుకున్నాడు.

ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలు కావస్తోంది. హయత్‌నగర్ డిపోలో బస్సులు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. బడులు మూశారు. బొగ్గు రావడం లేదని కరెంటు ఎప్పుడు పోతే అప్పుడే. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా పొద్దస్తమానం మోగే రోడ్డు, ఊపిరి బిగబట్టిన మనిషిలా ఉంది.

ఆ నిశ్శబ్దంలోకే నల్ల కారు తిరిగి వచ్చింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే విశ్వేశ్వరరావు గారిది ఆ కారు. ఎప్పుడో తెనాలి నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. వాళ్ళ నాన్నగారు కొన్న బండి. ఇంగ్లాండులో తయారై ఓడలో మద్రాసు చేరింది. గుండ్రటి దీపాలు, పక్కన కాలు పెట్టి ఎక్కే మెట్టు, రబ్బరు బుడ్డి నొక్కితే మోగే హారను. ఇప్పటి బళ్ళలా నూనెతో పనిచేసే బ్రేకు కాదు దానిది. పెడలు తొక్కితే ఇనప కడ్డీలు లాగుతాయి, ఆ కడ్డీలు చక్రాన్ని పట్టి ఆపుతాయి. అరిగేకొద్దీ కడ్డీలను బిగించి సరిచేస్తూ ఉండాలి. ఆ పని తెలిసినవాడు ఈ వైపు గోపయ్య ఒక్కడే ఉండేవాడు.

డీసీఎం వ్యాను మీంచి కారును దింపిస్తూ విశ్వేశ్వరరావు అండాలమ్మ ముందు తల దించుకున్నాడు.

"దీన్ని మీ గుమ్మంలోకి తేవడానికి నాకు ముఖం చెల్లలేదమ్మా. అమ్మేద్దామనే అనుకున్నాను. నాన్నగారు కూర్చున్న సీటు, చేతులు రాలేదు. మీ అల్లుడే వచ్చి అడిగాడు."

అండాలమ్మ శ్రీనివాస్ వైపు చూసింది.

"నేనే అడిగిన అత్తమ్మా" అన్నాడు శ్రీనివాస్. "మామ పోయినంక మన షెడ్డుకు ఎవరొస్తున్నరు చెప్పు. రెండు ఆటోలు, ఒక లూనా. గోపయ్య పిన్ను పెట్ట మర్సిండు, సచ్చిండు అని చౌరస్తల చాయ్ బండోడు సుత చెప్తున్నడు. గిదే బండిని గిదే గుంతల సక్కగ చేసి, గదే నాగోల్ దిగుడు మీద నడిపి చూపిస్త. గప్పుడు మామ నేర్పిన పని ఎసొంటిదో తెలుస్తది."

"ఆయన మర్చిపోయే మనిషి కాదండీ" అన్నాడు విశ్వేశ్వరరావు మెల్లగా. "వేళ అలా వచ్చింది."

 అండాలమ్మ కుడిచెయ్యి తనంతట తానే మూడో ముడి మీదికి పోయింది.

బ్రేకు సరిచేయడం ఒక్కరితో అయ్యే పని కాదు. ఒకరు గుంతలో ఉండాలి, ఒకరు సీట్లో కూర్చుని పెడలు తొక్కాలి. గోపయ్యకు ఆ రెండో మనిషి ముప్పై ఏళ్ళూ అండాలమ్మే. వాళ్ళ మధ్య పిలుపులూ అరుపులూ ఉండేవి కావు. కింది నుంచి పానాతో ఇనుము మీద ఒక్క దెబ్బ కొడితే తొక్కాలి. రెండు దెబ్బలు కొడితే వదలాలి. కొట్లాడుకుని మాటలు మానుకున్న రోజుల్లో కూడా ఆ దెబ్బలు మాత్రం ఉండేవి. తొక్కు అంటే తొక్కేది, వదులు అంటే వదిలేది. సాయంత్రానికి కోపం దానంతట అదే పోయేది.

కడ్డీలు బిగించాక, వాటి కీళ్ళు ఊడిపోకుండా ఒక్కో కీలుకు ఒక కాటర్ పిన్ను పడాలి. ఆడవాళ్ళు జడలో పెట్టుకునే పిన్నులా రెండు కాళ్ళ ఇనప తీగ అది, బెత్తెడు కూడా ఉండదు. బెజ్జంలో దూర్చి కాళ్ళు విరుస్తారు. ఈ కారుకు అలాంటివి నాలుగు. నాలుగోది పెడలు దగ్గరి పెద్ద కడ్డీది. అది లేకపోతే నాలుగు తొక్కుళ్ళు ఆగుతుందేమో, అయిదో తొక్కుకు కీలు జారిపోతుంది. ఇక ఏ చక్రానికీ బ్రేకు లేనట్టే.

గోపయ్య వాటిని వేళ్ళ మీద ఎంచేవాడు కాదు. నాలుగు పిన్నులూ పెదాల మధ్య పెట్టుకుని గుంతలోకి దిగేవాడు. దవడన ఒక లవంగం, పెదాల మధ్య పిన్నులు. నోరు ఖాళీ అయితే పని అయిపోయినట్టు. ముప్పై ఏళ్ళలో ఆ లెక్క తప్పలేదు.

తప్పింది ఒక్కరోజే. రెండు వేల తొమ్మిది డిసెంబరు, బందు రోజు. రోడ్డంతా ఖాళీ, బ్రేకు చూసుకోవడానికి ఇంతకన్నా మంచి రోజు దొరకదని గోపయ్య పొద్దున్నే ఈ కారు పనికి దిగాడు. పిన్నులు నోట పెట్టుకున్నాడో లేదో, దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి కాలేజీ పోరగాళ్ళ ఊరేగింపు వచ్చింది. సందు మొదట్లో నిలబడి ఒకడు షెడ్డులోకి తొంగిచూశాడు.

"తాతా, నోట్ల ఏం పెట్టుకున్నవే? జై అనవా?"

అరవైతొమ్మిది ఉద్యమంలో వీపున లాఠీ దెబ్బ తిన్న మనిషి గోపయ్య. జై అనమంటే ఊరుకుంటాడా. నోటినిండా ఇనుముతో ఆ మాట ఎట్లా అంటాడు. పిన్నులన్నీ అరచేతిలోకి తీసి, "పట్టు అండాలు" అని భార్య చేతిలో పెట్టి, గుంతలోంచి పైకెక్కి పిడికిలి ఎత్తాడు. గొంతు జీరపోయేదాకా అన్నాడు. పోరగాళ్ళు ఈలలు వేశారు. వాళ్ళకు మంచినీళ్ళివ్వడానికి అండాలమ్మకు చేతులు ఖాళీగా కావాలి. పిన్నులను కొంగున ముడివేసి బిందె ఎత్తుకుంది.

ఊరేగింపు పోయాక ఆయన మళ్ళీ గుంతలోకి దిగి చెయ్యి పైకి చాచాడు. ఆమె ముడి విప్పి పిన్నులు ఆ చేతిలో పోసింది. ఎన్ని పోసిందో ఆమె చూడలేదు. ఎన్ని పట్టాడో ఆయన చూడలేదు. పెదాల మధ్య పెట్టుకున్నాడు, నోరు ఖాళీ అయ్యేదాకా పని చేశాడు, పైకి వచ్చాడు.

సరిచేసిన బండిని మొదటిసారి మేస్త్రీ ఒక్కడే నడపాలన్నది ఆయన నియమం. నాగోల్ దిగుడుకు తీసుకుపోయాడు. కింద మూసీ వంతెన దగ్గర, బందుకని రోడ్డుకు అడ్డంగా లారీ పెట్టి ఉంది.

దినాల నాడు చీర ఉతుకుతుంటే అండాలమ్మ వేళ్ళకు కొంగు మడతలో గట్టిగా ఏదో తగిలింది. సగమే విడిన ముడిలో, పోగుల మధ్య ఇరుక్కుని, నాలుగో పిన్ను.

అప్పటికే బస్తీ అంతా అనేసింది, ముసలోనికి మతిమరుపు వచ్చి సచ్చిండని. ఆమె నోరు విప్పలేదు. రేపు చెప్తా అనుకుంది. ఎల్లుండి అనుకుంది. తన తప్పును మొగుడి పేరు మీద మోయించింది. ఇప్పుడు అన్నీ మర్చిపోతోంది గాని ఆ ఒక్కటి మాత్రం మర్చిపోలేదు. ఒక్కోసారి అది కూడా పోతే బాగుండు అనిపించేది. ఆ వెంటనే భయం పట్టుకునేది. ఆ సంగతి తెలిసింది లోకంలో తనొక్కతెకే. తను మర్చిపోతే, గోపయ్య ఏ తప్పూ చేయలేదన్న మాట ఇక ఎక్కడా మిగలదు.

సద్దుల బతుకమ్మ నాటికి పని చివరికొచ్చింది.

ఎండ దిగాక విజయశ్రీ తంగేడు, గునుగు, బంతి పేర్చిన బతుకమ్మను ఎత్తుకుని గేటు దగ్గర ఆగింది.

"అమ్మా, ఆడకున్నా మానె. జర సేపు వచ్చి కూసోరాదే."

"మీరు పోండ్రి బిడ్డా. నాకు మోకాళ్ళు గుంజుతున్నయి."

మోకాళ్ళు కాదు. మొగుడు పోయిన ఏడాది నుంచి ఆమె ఆ ఆటను గోడ ఇవతల నుంచి వినడమే. విజయశ్రీకి అది తెలుసు. బతుకమ్మను సర్దుకుని వెళ్ళిపోయింది.

శ్రీనివాస్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అత్త చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"అత్తమ్మా, ఒక మాట అడుగుత. తిట్టొద్దు."

"పెడలు తొక్కాలె. గంతేనా?"

"నీకెట్ల ఎరుక?"

"పొద్దటి సంది నా కాళ్ళ దిక్కే చూస్తున్నవ్."

శ్రీనివాస్ నవ్వలేకపోయాడు. "తొక్కే మనిషి హయత్‌నగర్ నుంచి రావాలె. బస్సులు లేవాయె. నీకు మనసొప్పకుంటే వద్దు అత్తమ్మా, రేపు చూసుకుంట."

అండాలమ్మ మెట్టు మీద కాలు పెట్టి కారెక్కింది. లోపల పాత తోలు వాసన, ఎలుకలు తిరిగిన వాసన, వాటి కింద ఎక్కడో ఇంజను నూనె. కుడిపాదం వెతుక్కోకుండా పెడలు మీదికి పోయింది. మనసు పారేసుకున్నవన్నీ పాదం దాచిపెట్టుకుంది.

"తొక్కు అత్తమ్మా" గుంతలోంచి శ్రీనివాస్ గొంతు. ఆమె తొక్కింది. "ఇంక జర. ఆఁ, పట్టింది. వదులు."

శ్రీనివాస్‌ది మాటల పద్ధతి. దెబ్బల పద్ధతి గోపయ్యతోనే పోయింది. ఎత్తి పెట్టిన చక్రాన్ని అతను చేత్తో తిప్పుతుంటే, తొక్కినప్పుడల్లా లోపల సర్రుమని రుద్దుకుంటోంది. ఒక పిన్ను పడింది. రెండోది పడింది. మూడోది పడింది.

కరెంటు పోయింది.

షెడ్డులో బల్బు, వెనకింట్లో టీవీ, సందులో మోటారు, అన్నీ ఒక్కసారే ఆగాయి. గుంతలోంచి శ్రీనివాస్ విసుక్కుంటూ పైకెక్కాడు. చేతిలో మిగిలిన కొత్త పిన్నును కారు మెట్టు మీది రేకు మూతలో పెట్టాడు.

"గీ ఒక్కటే మిగిలింది. మలుపు కాడి సాంబమూర్తి సారింట్ల చార్జింగ్ లైటున్నది, తెస్త. నువ్వు దిగకు అత్తమ్మా. చీకట్ల గుంతల పడ్తవు."

గేటు కీచుమంది. చెప్పుల చప్పుడు సందు మలుపు తిరిగి పోయింది.

అండాలమ్మ అలాగే కూర్చుంది. పడమర రేకు సందులోంచి కొంచెం ఎర్రటి వెలుతురు లోపలికి పడి, చూస్తుండగానే బూడిద రంగుకు తిరిగి, ఆరిపోయింది. గోడ అవతలి మైదానం నుంచి బతుకమ్మ ఉయ్యాల పాట వస్తోంది. వందమంది ఆడవాళ్ళు ఒక్కసారే వంగి, ఒక్కసారే చప్పట్లు కొడుతున్నారు. ఆ చప్పట్లు గాలికి కొంతసేపు దగ్గరగా, కొంతసేపు దూరంగా వినబడుతున్నాయి. అందులో విజయశ్రీ చేతులు ఎక్కడున్నాయోనని ఆమె చెవి పెట్టింది.

చప్పట్ల మధ్య ఇంకొక చప్పుడు వినబడింది. పాటకు కలవని చప్పుడు.

టక్.

ఆమె పాదం తొక్కింది. ఆమె అనుకోకముందే తొక్కింది. కింద చక్రం సర్రుమని రుద్దుకుంది.

టక్ టక్.

పాదం లేచింది.

"శీనూ" అన్నది ఆమె చిన్నగా. "అప్పుడే వచ్చినవా?"

 గేటు చప్పుడు కాలేదు కదా అని ఆమెకు అప్పుడు తోచింది. అయినా గేటు సంగతి తనకేం గుర్తుంటుంది, అయ్యే ఉంటుంది, తనే మర్చిపోయి ఉంటుంది. అలా సర్దిచెప్పుకుంటూ ఉండగా కాళ్ళ దగ్గరి చెక్కల సందుల్లోంచి సన్నగా వాసన పైకొచ్చింది.

లవంగం...

ఆమె ఊపిరి తీసుకోవడం మానేసింది.

టక్.

తొక్కింది. పట్టి ఉంచింది. రెండు దెబ్బలు రావాలి. రాలేదు.  వదలమనే దాకా వదలకూడదు, ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ వదల్లేదు.

"వదలమను..." అన్నది పెదాలతోనే. "వదలమనయ్యా..."

పాదం కింద పెడలు ఒక్కసారి కుంగింది.

మెల్లగా కాదు. కింద ఆనుకున్నదేదో జారిపోయినట్టు, నేలదాకా. ఆమె తీసి మళ్ళీ తొక్కింది. బరువు లేదు. పట్టు లేదు. మళ్ళీ తొక్కింది. ఏమీ లేదు. నాగోల్ దిగుడులో ఆయన పాదానికి తెలిసింది ఇదే. ఇంత మెత్తగా... ఇంత ఉత్తగా... లారీ దగ్గరికొచ్చేదాకా ఆయన ఇట్లాగే తొక్కి ఉంటాడు. తీసి తొక్కి ఉంటాడు. ఎన్నిసార్లో.

కారు తలుపు తెరిచే ఉంది. ఆమె కిందికి చూసింది.

మెట్టు పక్కన, గుంత అంచు మీదుగా, ఒక చెయ్యి పైకి వచ్చింది.

అరచెయ్యి వెల్లకిలా ఉంది. గ్రీజుతో నల్లగా ఉంది. బొటనవేలి మీద అడ్డంగా తెల్లటి గీత. ఎప్పుడో ఫ్యాను బెల్టు కోసిన గాటు. ఆ గాటుకు పసుపు అద్ది కట్టు కట్టింది తనే.

చెయ్యి కదల్లేదు. అడుగుతోంది. అంతే.

అండాలమ్మ మూడో ముడి పట్టుకుంది. వేళ్ళు తడబడ్డాయి. పళ్ళతో లాగింది. తుప్పు పట్టిన పిన్నును తీసి ఆ చేతిలో పెట్టింది. తగిలిన చోట ఆమె వేళ్ళు మొద్దుబారాయి. జనవరి తెల్లవారుజామున పానా పట్టుకుంటే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

"నాదే తప్పు" అన్నది.  "నా కొంగులనే ఉండె. నువ్వు మర్వలే. అందరికి చెప్త. పొద్దున లేవంగనే చెప్త."

వేళ్ళు పిన్ను మీద ముడుచుకున్నాయి. చెయ్యి వెనక్కి పోవడానికి ముందు, చెక్కల కింది నుంచి, నోట్లో ఇనుము పెట్టుకుని మాట్లాడినట్టు ఒక గొంతు...

"మర్సిపోతవ్ అండాలు."

కోపం లేదు ఆ గొంతులో. జాలి ఉంది. ఆమెకు అదే ఎక్కువ భయమేసింది.

కింద కటకటమని పిన్ను కాళ్ళు విరిచిన చప్పుడు. పెడలు మళ్ళీ గట్టిపడింది.

టక్ టక్.

ఆమె వదిలింది. మైదానంలో చప్పట్లు మళ్ళీ వినబడ్డాయి.

గేటు కీచుమంది. ఈసారి స్పష్టంగా విన్నది. శ్రీనివాస్ తెల్లటి లైటు పట్టుకుని వచ్చి, ఆమె ముఖం చూడకుండానే గుంతలోకి దిగాడు. 

"అత్తమ్మా, నువ్వు దిగినవా?"

"లేదు బిడ్డా."

"నాలుగోది ఎవరు పెట్టిన్రు మరి?"

లైటు కింద అటూ ఇటూ కదిలింది. "పాతది. తుప్పు పట్టింది. ఒక కాలు పైకి, ఒక కాలు పక్కకు..." అతని గొంతు తగ్గిపోయింది. "మామ తప్ప గిట్ల ఎవరు విరువరు."

అతను పైకి వచ్చాడు. మెట్టు మీది రేకు మూతలో కొత్త పిన్ను మెరుస్తూనే ఉంది. దాన్ని చూశాడు, అత్తను చూశాడు. 

"ముందుగాల్నే ఉన్నదేమో. నేనే చూసుకోలేదేమో" అని తనకు తానే చెప్పుకున్నాడు. "పాత పిన్ను మళ్ళ వాడొద్దు, మామ చెప్పిన మొదటి మాట గదే. పొద్దున గిది తీసి కొత్తది ఏస్త. ఏసినంకనే బండి కదిలేది."

"శీనూ, నీకొకటి చెప్పాలె."

"ఇప్పుడొద్దు అత్తమ్మా. పొద్దున చెప్పు. ఈ చీకట్ల వద్దు."

అంతలో గేటు దగ్గర ఆడవాళ్ళ నవ్వులు. విజయశ్రీ పళ్ళెంలో సత్తుపిండి పట్టుకుని లోపలికొచ్చింది. "ఏందే అమ్మా, చీకట్ల కారెక్కి కూసున్నవ్? ఎటు సవారి?" అంటూ తల్లి చెయ్యి పట్టుకుని దింపింది. పట్టుకున్న చెయ్యి చల్లగా ఉందని తన చీర కొంగులో చుట్టి రుద్దింది. అండాలమ్మ నోటి దాకా వచ్చిన మాట ఆ వెచ్చదనానికి కరిగి లోపలికి పోయింది.

పడుకునే ముందు ఆమె కొంగును దగ్గరికి తీసుకుంది. మూడో ముడి ఉండే చోటు ఖాళీగా, నలిగి ఉంది. అక్కడే కొత్తగా ముడి వేసింది. లోపల ఏమీ లేదు, ఉత్త ముడి. పొద్దున లేవగానే చెప్పాలి. రెండుసార్లు బిగించింది. పిన్ను నా కొంగులో ఉండిపోయింది, ఆయన మర్చిపోలేదు. పిన్ను నా కొంగులో ఉండిపోయింది, ఆయన మర్చిపోలేదు. నిద్ర పట్టేదాకా, చిన్నప్పుడు ఎక్కాలు చెప్పుకున్నట్టు, చెప్పుకుంటూనే ఉంది.

నినాదాలకు మెలకువ వచ్చింది. తెల్లగా తెల్లారింది. ఊరేగింపు సందు ముందు నుంచి చౌరస్తా వైపు పోతోంది.

విజయశ్రీ వాకిట్లో వాడిన తంగేడు పూలు ఊడుస్తోంది.

"శీను ఏడి?" అన్నది అండాలమ్మ.

"చీకటితోనే లేచిండు. రాత్రంత కన్ను మూయలే. గుంతల ఏదో పని చేసుకుంటుంటే ఊరేగింపు పోరగాళ్ళు జై అనమన్నరు. లేచి అచ్చం నాయిన లెక్కనే చెయ్యెత్తిండు. మల్ల గుంతల దిగనే లేదు, రోడ్డు మూస్తరని ఉరుకులాడుకుంట బండి తీసిండు. గిప్పుడే, నువ్వు లేవకముందే."

అండాలమ్మ తల ఊపింది. కొంగు సర్దుకుంటే ముడి తగిలింది. దాని వైపు చూసింది. గ్యాసు బండకు వేసింది ఇది కాదు. బియ్యానిదీ కాదు. ఇది ఎందుకు వేసుకుంది?

ముడి మీద నల్లగా మరక ఉంది. గ్రీజు మరక, బొటనవేలి ముద్ర. ముద్రకు అడ్డంగా సన్నటి తెల్లటి గీత.

విప్పింది. లోపల సన్నటి ఇనప పిన్ను. కొత్తది. ఎండకు తళుక్కుమంది.

అది చేతిలో పట్టుకుని షెడ్డులోకి నడిచింది. కారు లేదు. గుంత నోరు తెరుచుకుని ఉంది. గుంత అంచున రేకు మూత, అందులో ఇంకొక పిన్ను. ఇది పాతది, తుప్పు పట్టింది. విరిచిన కాళ్ళను ఎవరో కొత్తగా తిన్నగా సాపు చేసి బయటికి లాగినట్టున్నారు. ఆమె వంగి దాన్ని కూడా తీసుకుంది. రెండూ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుంది.

రెండూ ఇక్కడే ఉన్నాయి.

ఆ మాటలో ఏదో ఉంది.  ఎవరికో చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. పరుగెత్తాలి. ఎటు? వీటిని ఏమంటారు? ఇవి ఎక్కడ పెట్టేవి? నాలుక చివరిదాకా వచ్చింది... వెనక్కి పోయింది.

"ఏందమ్మా?" విజయశ్రీ చీపురు పట్టుకునే వచ్చింది. "గట్ల చెమట పట్టిందేంది? ఏం కావాలె?"

"చెప్పాలె బిడ్డా."

"చెప్పు. ఏం చెప్పాలె?"

"గదే..." అండాలమ్మ కూతురి ముఖంలోకి చూసింది. అరచెయ్యి చాచి చూపించింది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. "గదే బిడ్డా... రాత్రి సంది అనుకుంటున్న... నోటికాడనే ఉన్నది..."

"ఏం కాదులే, మెల్లగ గుర్తు చేసుకో" అని విజయశ్రీ ఆమె వీపు నిమిరింది.

చౌరస్తా దాటాక ఎక్కడో, ఊరేగింపు కేకలకు అవతల, రబ్బరు బుడ్డి హారను రెండుసార్లు మోగింది. నాగోల్ వైపు తిరుగుతున్నట్టుంది.

గుంతలోంచి చప్పుడు వచ్చింది.

టక్.

విజయశ్రీ వినలేదు. అండాలమ్మ కుడిపాదం ముందుకు జరిగి, మట్టి నేలను గట్టిగా తొక్కిపట్టింది. అట్లాగే పట్టి ఉంచి, తల గుంత వైపు వంచి, మిగతా రెండు దెబ్బల కోసం విన్నది.